దీమో తాత తిట్లు

గాబ్రొవో,
అక్టోబరు 14, 2023

దెల్చోకు లోజాన్ రాయడం.

నువ్వూ నీ భార్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను ఉన్నాను. ఈ ఏడు పచ్చడికి ఎర్ర మిరపకాయలు కాల్చలేదు. నా విహ్రా లేకుండా ఆ పచ్చడి నాకు చేతకాదు.

ఫోనులో చెప్పే సంగతి కాదు కనుక కాగితం మీద పెడుతున్నాను. ఇందులో చాలా భాగం నీకు తెలుసు. అయినా వరసగా రాస్తేనే నువ్వేం చేశావో నీకు కనబడుతుంది.

మిల్లులో ఇంజినీరుగా ఉన్నన్నాళ్లూ సాయంత్రాలు సరదాకి వెబ్‌సైట్లు చేసుకునేవాణ్ణి. టమాటా నారు ఎప్పుడు పోయాలో చెప్పేది ఒకటి, మా వీధి బస్సు వేళలది ఇంకొకటి. వాటిని ఎవరూ చూడలేదు. కొండ ఊటలది మాత్రం నిలిచింది. పోయినవాళ్ల పేరున దారి పక్కన కట్టించిన రాతి ఊటలన్నీ తిరిగి, ఏది తాగొచ్చో, ఏది ఎండిపోయిందో అందులో పెట్టాను. ప్రతి జనవరిలో 'ఈ ఏటి పనులు' అని ఒక పుట రాసేవాణ్ణి. ఇదంతా చదివేవాడు ఒక్కడైనా ఉన్నాడా అని విహ్రా నవ్వేది.

ఆమె అలా అన్న ఏడు వసంతంలోనే దీమో తాత మొదటిసారి సైటుకు రాశాడు. త్ర్యావ్నా పైన కొండపల్లె అన్నాడు. ఎనభై దాటాయనీ, మనవడి ఫోనులో చూస్తున్నాననీ అన్నాడు. "ఒరే అబ్బాయ్, ఆ అక్షరాలేంట్రా, చీమ తలకాయల్లాగ? గాబ్రొవో వాళ్లు పిసినారులని తెలుసుగానీ, సిరా ఖర్చు లేనిచోట కూడా ఆదా చేస్తారని తెలీదు."

అక్షరాలు పెద్దవి చేశాను. కుక్కలు కరిచే చోట గుర్తు పెట్టమన్నాడు. పెట్టాను. అప్పట్నుంచీ నా ఏటి పనులన్నీ ఆయన తిట్లలోంచి వచ్చినవే. సైటు తెరవడం తనకు రాదనే విహ్రా, భోజనానికి కూర్చోగానే "ముసలాడు ఇవాళేమన్నాడు?" అని అడిగేది. చదివితే కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వేది. బాగా గడ్డిపెట్టాడు అనేది.

ఆమె ఆసుపత్రిలో ఉన్న జనవరిలోనూ రాశాడు. "మంచు పడుతోంది. ఊటలు ఎక్కడికీ పోవు. ఇంటికెళ్లి వేడిగా ఏదైనా తిను." ఆ పూట తిన్నాను.

ఈ ఫిబ్రవరిలో ఆమె పోయింది. నలభయ్యో రోజుకు ఇంటి తలుపు మీద పెట్టే సంతాప కాగితం నీ అచ్చు దుకాణంలోనే అచ్చయింది. మా తలుపుకి నువ్వే అతికించావు. ఆ వారమే తాత మళ్లీ రాశాడు, తర్వాతా రాస్తూనే ఉన్నాడు. కాస్త చప్పబడ్డాడు. తిట్టడం మానేశాడు. అంతా చాలా బాగుంది అనేవాడు. వయసు అనుకున్నాను.

ఏటి పనులన్నీ కొట్టేసి ఒక్కటి ఉంచుకున్నాను: దీమో తాతను చూడాలి. విహ్రా చేసిన పచ్చడిలో ఆఖరి సీసా ఆయన కోసం దాచాను. నేను బయలుదేరతానన్నప్పుడల్లా ఏదో ఒక అడ్డు చెప్పేవాడు. ఒకసారి వానకు దారి కొట్టుకుపోయింది. ఒకసారి మనవడి పెళ్లి.

పోయిన వారం విహ్రా పేరున ఒక పుట చేశాను. ఉజానా దారిలో ఆమెకిష్టమైన ఊట, నీలి కోటు వేసుకుని సీసా నింపుకుంటున్న ఫోటో. దాన్ని ఇంకా లోకానికి తెరవలేదు. తప్పులేమైనా ఉంటే చూడమని నీ ఒక్కడికే పాస్‌వర్డ్ ఇచ్చాను. రెండ్రోజులకు తాత రాశాడు: "ఆ నీలి కోటు చూసి మనసు కరిగిపోయింది, బాబూ."

ఆ కోటును నువ్వు తప్ప ఎవరూ చూడలేదు, దెల్చో.

నా వంటింట్లో కూర్చుని, నేను కాచిన రకియా సారా తాగుతూ, మీ తాత ఎలా ఉన్నాడని నన్నే అడిగావు. ఆ మనవడికి పెళ్లి కానుకగా ఏం కొనమంటావని నేను నీ సలహా అడిగాను. దుప్పటి కొనమన్నావు. సమాధి దగ్గర, మన ఆచారం ప్రకారం, ఆమె కోసం నేల మీద వైను ఒంపావు. ఇంటికెళ్లి తాతవై నన్ను ఓదార్చావు. ఇన్నేళ్లూ నాకున్న ఒక్క పాఠకుడు నీ ఆట అన్నమాట.

సైటు మూసేస్తున్నాను. పాస్‌వర్డ్ మార్చాను. ఆమె ఏడాది సంతాప కాగితం వేరేచోట అచ్చు వేయించుకుంటాను. అతికించడానికి నువ్వు రానక్కర్లేదు.

ఇట్లు,
లోజాన్

తా.క. కవరు అంటించే ముందు నీకు రుజువు కూడా పంపుదామనుకున్నాను. ప్రతి సందేశం ఏ కనెక్షన్ నుంచి వచ్చిందో సైటు గుర్తుంచుకుంటుంది. తాత మీద నమ్మకంతో ఎన్నడూ చూడలేదు. ఇవాళ చూశాను.

ఫిబ్రవరి తర్వాతవన్నీ నీ దుకాణం నుంచి. అంతకు ముందువన్నీ మా ఇంటి నుంచి. మంచు గురించి రాసింది ఆసుపత్రి నుంచి.

తన తర్వాత తాతగా రాయమని ఆమే నిన్ను అడిగి ఉంటుంది. నువ్వు సరేనని ఉంటావు. ఇద్దరూ ఆ మంచం పక్కన నా గురించి మాట్లాడుకున్నారు, నేను కాఫీ తేవడానికి కిందికి వెళ్లినప్పుడు కాబోలు. నాకు ఒక్కరూ చెప్పలేదు. అన్నేళ్లు భోజనం దగ్గర ఆమె మాటలు ఆమెకే చదివి వినిపించాను.

ఉత్తరం చింపలేదు. నీ మీద కోపం అలాగే ఉంది. ఆమె మీది కోపం ఎక్కడికి పంపాలో తెలియక అదీ ఇందులోనే పెడుతున్నాను.

సైటు మూయలేదు. పచ్చడి సీసా తెరిచాను. 'దీమో తాతను చూడాలి' అన్నదాని పక్కన 'అయింది' అని రాశాను.

నువ్వు మాత్రం ఇక తాతగా రాయకు. నీకు తిట్టడం రాదు.