తొమ్మిదో గడిలో ఏం రాయమంటావు?

గ్రాంట్ల ఆఫీసులో ఫారాలు చూసే అమ్మాయిని దీవించి, పసిపిల్లల గిలకల గది పెద్దమ్మ రాయించునది ఏమనగా,

నువ్వు పంపిన ఫారం చేరింది. పదహారు పేజీలు. నాకు అక్షరం ముక్క రాదు కనుక పక్క వాటాలో ఉండే రిటైరైన కోర్టు గుమాస్తాగారు చదివి వినిపించాడు. వింటూ వింటూ ఇద్దరు పిల్లలు నిద్రపోయారు. ఇప్పటికి దానివల్ల కలిగిన లాభం అదే.

మా సంగతి చెబుతా విను. కుట్టు మిల్లులో పనిచేసే తల్లులు పొద్దున్నే పసివాళ్ళను నా దగ్గర వదిలి, సాయంత్రం తీసుకెళ్తారు. పద్నాలుగు మంది పిల్లలు, ఇద్దరు ఆయాలు, నేను, ఒక గది. ఇన్నాళ్ళూ సాయం చేసిన సంస్థ వచ్చే ఏడు నుంచి చేయలేనంది. మీరిస్తే గది ఉంటుంది. లేకపోతే పద్నాలుగు మంది తల్లులు పని మానుకుని ఇంట్లో కూర్చోవాలి. ఇంతే కదా అర్జీ, దీనికి పదహారు పేజీలు దేనికి? ఒసే చిన్నాయా, వాడు చెప్పు నాకుతున్నాడు, చూడవే!

నాలుగో గడిలో ‘మీ సంస్థ బలహీనతలు తెలపండి’ అన్నావు. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా మొహం మీద ఇలా అడగరు. తొమ్మిదో గడిలో ‘మా సాయం ఆగిపోయాక ఎలా నడుపుతారు?’ అట. ఇంకా ఇవ్వనేలేదు, అప్పుడే ఆపే మాటా? ఆకలేసి కూర్చున్నవాళ్ళను వడ్డించకుండానే ఇక లేవమన్నట్టుంది.

ఇట్లు,
పెద్దమ్మ, వేలిముద్ర

తా.క. వ్రాసినవాడి మనవి: కోర్టులో ముప్ఫై ఏళ్ళు వాంగ్మూలాలు రాశాను. చెప్పినవారి మాట ఒకటి తీసెయ్యడం గానీ, ఒకటి చేర్చడం గానీ నా చేత కాదు. చెప్పు సంగతి అందుకే ఉంది. ఆ చెప్పు నాది.

*

గౌరవనీయులైన పెద్దమ్మగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. బలహీనతలు అందరినీ అడుగుతాము, దయచేసి మనసు కష్టపెట్టుకోకండి. ఫలితాలు మాత్రం కొలిచి అంకెల్లో చూపించాలి.

మరొక ముఖ్యమైన సలహా. ఒక్క మా మీదే ఆధారపడకండి. వచ్చే ఏడాదంతా ఏ నెలలో ఏ దాతను అడగబోతున్నారో ఒక క్యాలెండర్ వేసి జతపరచండి. ప్రతి దాత గురించీ బాగా తెలుసుకుని మరీ వేయాలి.

భవదీయురాలు,
ఫారాల విభాగం అధికారి

తా.క. గుమాస్తాగారికి: సందర్భం కాని మాటలు వదిలేయవచ్చు.

*

ఫారాల అమ్మాయికి పెద్దమ్మ దీవెనలు.

నీ మాట తీసెయ్యలేదు. బలహీనతలు రాసుకో: నా మోకాళ్ళు, పెద్దాయా చెవుడు, చిన్నాయా కోపం, గాలేస్తే ఊడి చేతికొచ్చే కిటికీ రెక్క.

ఫలితాలు కొలవమన్నావు. దర్జీని పిలిచి పద్నాలుగు మందినీ టేపు పెట్టి కొలిపించాను. చేరినప్పటికన్నా అందరూ పెరిగారు. పదకొండోవాడు మాత్రం కుదురుగా ఉండక టేపు నమిలేశాడు. వాడి దగ్గర ‘సుమారు’ అని రాయించాను.

ఇక క్యాలెండర్. మొదటి నెల, కలప డిపో యజమాని. కూతురి పరీక్ష ఫలితాలు వచ్చే నెల అది. పాసైతే వెంటనే వెళ్ళాలి, తప్పితే రెండో నెలకి జరపాలి. మూడో నెల, పళ్ళ డాక్టరు. అత్తగారు తిరుగు బండి ఎక్కాక గానీ ఆయన పళ్ళు మనకు కనబడవు. ఆరో నెల, మందుల షాపావిడ. ఎప్పుడడిగినా ఇస్తుంది కనుక ఎవరూ ఇవ్వని నెలకి ఆవిడను దాచుకున్నా. తొమ్మిదో నెల, మీరు. అక్కడే ఆగిపోయాను. మీ డైరెక్టరుగారు ఏ వేళ శాంతంగా ఉంటాడు? భోజనానికి ముందా, తర్వాతా? ఇంట్లో చికాకులేమైనా ఉన్నాయా? బాగా తెలుసుకోమన్నది నువ్వే కదా!

ఇట్లు,
పెద్దమ్మ, వేలిముద్ర

తా.క. వ్రాసినవాడి మనవి: మీ జవాబు దాకా ఆగలేక ఈవిడ మీ ఆఫీసు కాపలాదారును అడిగేసింది. మంగళవారం మంచిదన్నాడట.

*

పెద్దమ్మగారికి,

దాతల గురించి తెలుసుకోమంటే వాళ్ళు ఎలాంటి పనులకు సాయం చేస్తారో తెలుసుకోమని. వాళ్ళ అత్తగార్ల ప్రయాణాలు కాదు.

మంగళవారం మీరు నలుగురు పిల్లలతో మా ఆఫీసు మెట్ల మీద రెండు గంటలు కూర్చున్నారు. డైరెక్టరుగారు వెనక గుమ్మం గుండా వెళ్ళవలసి వచ్చింది. సిఫార్సుకు ప్రయత్నించినవారి ఫారం పక్కన పెట్టాలని మా నియమం. ఈసారికి నేను చూడనట్టే ఊరుకుంటున్నాను.

కానీ మీ తొమ్మిదో గడి ఇంకా ఖాళీగానే ఉంది. ‘స్వయం సమృద్ధి సాధిస్తాం’ అని అందరూ రాస్తారు. మీరూ ఆ ఒక్క ముక్క రాయించండి. శుక్రవారం ఆఖరు. అప్పటికీ ఆ గడి నిండకపోతే ఫారం తిప్పి పంపడం తప్ప నా చేతిలో ఏమీ ఉండదు.

భవదీయురాలు,
ఫారాల విభాగం అధికారి

తా.క. మీతో వచ్చినవారిలో ఒకరు మా పూలకుండీలో మట్టి తిన్నారు. మట్టి కొత్తదే, కంగారు పడకండి.

*

అమ్మాయ్,

తొమ్మిదో గడికి జవాబు ఇదిగో. గుమాస్తాగారూ, సరిగ్గా రాయండి.

నువ్వు రాయమన్న ముక్క అబద్ధం. ఈ గదిలో సగం మందికి నిలబడటమే రాదు. నాకేమో మోకాళ్ళు లేవు. ఎవరి సాయం లేకుండా నిలబడతామని ఏ మొహం పెట్టుకుని వేలిముద్ర వేయను?

ఇరవై రెండేళ్ళ కిందట ఒక తల్లి తన పిల్లను మిల్లులో గుడ్డపీలికల బుట్టలో పడుకోబెట్టి పక్కనే కుట్టుకునేది. ఒకరోజు పిల్ల గుండీ మింగింది. మిల్లు గేటు దగ్గర చాప మీద కూరలమ్మే నేనే పరుగెత్తి, తలకిందులు చేసి వీపు చరిచి కక్కించాను. మర్నాటి నుంచి పిల్లను నా చాప మీద పడుకోబెట్టమన్నాను. ఆ పిల్లే ఇవాళ మా చిన్నాయా. ఆ బుట్టలోంచి దాన్ని ఎత్తుకున్నప్పుడు, వచ్చే ఏడాది ఎలా అని నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉండేదాన్ని.

మీరు ఆపేస్తే ఏం చేస్తానా? ఇంకొకర్ని అడుగుతా. వాళ్ళు ఆపేస్తే మరొకర్ని. వెనక గుమ్మం గుండా పారిపోతే ఈసారి వెనక గుమ్మం దగ్గరే కూర్చుంటా. అడగడానికి నాకు సిగ్గు లేదు, పిల్లలకు ఎలాగూ లేదు. మా దగ్గరున్న సమృద్ధి అదొక్కటే. రాయండి గుమాస్తాగారూ, నన్నలా చూస్తారేం? సరే, ఆ కళ్ళజోడు తీసి తుడుచుకోండి, నేను ఆగుతాను.

ఇస్తే ఇవ్వు, లేకపోతే తిప్పి పంపు.

పెద్దమ్మ, వేలిముద్ర

తా.క. వ్రాసినవాడి మనవి: కళ్ళజోడు తుడుచుకున్న మాట వాస్తవమే. దుమ్ము పడింది. ఇంతకుమించి చెప్పదలచుకోలేదు.

*

పూజ్యులైన పెద్దమ్మగారి పాదాలకు నమస్కరించి రాయునది.

మీకొక నిజం చెప్పాలి. మా ఆఫీసుకు సొంత సొమ్ము లేదు. మేమూ పైనున్న పెద్ద సంస్థను ఏటా అడుక్కునేవాళ్ళమే. మా ఫారం నలభై పేజీలు. మీకు పంపింది అందులోంచి కాపీ కొట్టిందే. మా తొమ్మిదో గడిలో ‘స్వయం సమృద్ధి సాధిస్తాం’ అని పదకొండేళ్ళుగా రాస్తున్నదాన్ని నేనే.

మీ ఆఖరి ఉత్తరం వచ్చిన రోజే పైనుంచీ ఒకటి వచ్చింది. ‘పదకొండేళ్ళుగా సాధిస్తామంటున్నారు, ఈపాటికి సాధించే ఉంటారు. అభినందనలు. వచ్చే ఏడాది నుంచి మీకు మా సాయం అక్కర్లేదని భావిస్తున్నాం’ అన్నారు.

డైరెక్టరుగారు తల పట్టుకుని కూర్చున్నారు. నేను మా తొమ్మిదో గడిలోని ముక్క కొట్టేసి, మీ ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు అంటించి తిరిగి పంపాను. మీ అనుమతి అడగలేదు, క్షమించండి. అడగడానికి సిగ్గేసింది.

నాలుగో రోజున అక్కడి పెద్దావిడే స్వయంగా ఫోన్ చేశారు. మొదట అడిగిన మాట, ‘గుమాస్తాగారి కంట్లో పడింది నిజంగా దుమ్మేనా?’ అని. రెండో మాట, మాకు మూడేళ్ళు ఇస్తున్నామని. డైరెక్టరుగారు ఆ సొమ్ములోంచి ఇవ్వడానికి మొట్టమొదట సంతకం పెట్టిన కాగితం మీ గదిది. మూడేళ్ళకు. దీంతో జతపరిచాను. వేలిముద్ర వేయించి పంపండి.

ఇట్లు, మీ ఆశీస్సులు కోరే
ఫారాల అమ్మాయి

తా.క. ఆ పెద్ద సంస్థ కూడా ఎవరినో అడగాలట. వాళ్ళకు నూట ఇరవై పేజీల ఫారం వచ్చిందట. ఆవిడ మంగళవారం మీ దగ్గరికి వస్తానన్నారు. అడగడం నేర్చుకోవడానికి.