నాయన తూలింది తాగి కాదు

అమ్మా, నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నాయన తూలుతున్నది తాగి కాదు. నరాల జబ్బట, మల్టిపుల్ స్క్లెరోసిస్. ఈ వయసులో బయటపడటం అరుదని నిన్న బెంగళూరులో డాక్టర్ స్కాన్ చూసి చెప్పాడు.

తిరిగొస్తూ పెనుకొండలో ధర్మవరం బస్సెక్కబోయి, నాయన ఒకామె మీద తూలిపడ్డాడు. "పట్టపగలే తాగి ఆడోళ్ల మీద పడతావేందిరా?" అంటూ ఆమె భర్త నాయనను కిందికి లాగి డొక్కలో తన్నాడు.

"తాగలేదన్నా, జబ్బు" అన్నాను. నా గొంతు అతనికి వినపడలేదు. మళ్లీ కాలెత్తాడు. చేతిలోని స్టీలు క్యారియరుతో అతని మొహం మీద కొట్టాను. అతని పెదవి చిట్లి రక్తం కారినా నేను ఆగలేదు.

నాయన కింద నుంచే నా చున్నీ పట్టుకున్నాడు. "చాలు పాపా, ఇడ్సిపెట్టు. మీ అమ్మ గూడా తాగినాననే చీపురుతో కొట్టేది. ఆయమ్మను నేనేమన్నా అంటినా?"