పందిట్లో పలికిన పేరు

రాజీ కుదర్చడానికి వచ్చిన పెద్దయ్యకు,

నిన్న మా పందిట్లో మాటలు చెడిపోయాయని మీరు తల దించుకుని వెళ్లారు. నా కొడుకును చంపినవాడి తల్లి యుసేబియా ఏడుస్తూ ఏడుస్తూ నా కొడుకు పేరు పలికేసింది. మా తమ్ముడు తుపాకీ అందుకుని ఆవిడ మీద అరిచాడు.

"నువ్వసలు మన వయూ తెగ మనిషివేనా? పోయినవాడి పేరు తల్లి ముందు ఎత్తుతావా? ప్రాణానికి బదులు తెచ్చిన నీ మేకలు నువ్వే తోలుకుపో!"

పెద్దయ్యా, వాడు పోయినప్పటి నుంచీ ఈ ఇంట్లో ఆ పేరు ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. గాలి లేకపోయినా వాడు పడుకునే ఊయల ఊగుతోంది, ఎవరో పిలుస్తారని చూస్తున్నట్టు.

చిన్నప్పుడు వాణ్ణి గంజి తాగడానికి పిలిచినట్టే పిలిచింది యుసేబియా.

పేరు నాకు వినపడలేదని చెప్పి తమ్ముణ్ణి ఒప్పిస్తాను. మేకలు అక్కర్లేదు. ఆవిడను తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టండి. ఇంకొక్కసారి పిలవమనండి.

— వాడి అమ్మ