ఒకే కొలత సొరుగులు

అల్ ఖోబర్

ప్రియమైన షహజాదీకి,

నువ్వు పనిచేసే ఇంటికి ఖర్జూరం పెట్టెలు దించే ఓబులయ్యన్న లారీ తీసేలోపు ఇది రాసివ్వాలి. ఫోనులో చెప్పుకునే మాట కాదు. గదిలో నా చుట్టూ ఆరుగురు, నీ ఫోనేమో మీ మేడమ్ దగ్గర.

మా వర్క్‌షాపులో అంతరిక్ష కేంద్రానికి ప్రయోగాల పరికరాలు పెట్టే సొరుగు చేస్తున్నామని చెప్పాను కదా. అక్కడి బీరువాలన్నిటికీ కొలత ఒకటే. ఏ దేశం సొరుగైనా ఏ అరలోనైనా పట్టాలి. మేం రెండు చేశాం. పైకి వెళ్లేదానికి మంట అంటుకోని వైర్లు, కింద శిక్షణకు వాడేదానికి మామూలు బజారు వైర్లు. చూపుకి రెండూ కవలలే. శిక్షణదానికి అంటించిన ఎర్ర టేపు, స్పిరిటుతో తుడుస్తుంటే ఊడిపోయింది. ఎడమవైపున్నదే శిక్షణది అనుకుని నంబరు పలకలు బిగించేశాను. పెట్టెకు సీలు వేసి పంపేశారు.

నిన్న ఇక్కడ మిగిలిన సొరుగు విప్పి చూశాను. మంచి వైర్లు ఇందులోనే ఉన్నాయి.

చెబితే నా వీసా చేతిలో ఉన్న యజమాని, ఆ కఫీల్, ఎగ్జిట్ ముద్ర కొట్టి సౌదీ నుంచి ఇంటికి పంపేస్తాడు. నువ్వొక్కదానివే ఇక్కడ మిగిలిపోతావు. ఏం చేయమంటావు?

నీ మస్తాన్

బురైదా

మా ఆయనకు షహజాదీ సలాం.

మీ ఉత్తరం చదివి మేడమ్ పిల్లాడి పాలల్లో చక్కెర అనుకుని ఉప్పు కలిపాను. ఎవరితోనూ అనకండి. అంత చదువుకున్నవాళ్లు చూసుకోకుండా పైకి పంపుతారా? ఒకే దేశంలో ఉంటే చాలని కదా ఇద్దరం వచ్చాం. పండక్కి మీ ముఖం కనిపిస్తుందన్న ధైర్యంతో రోజులు వెళ్లదీస్తున్నాను. మీరు వెళ్లిపోతే నాకు భయం. సిగ్గు విడిచి రాస్తున్నాను.

నాకిక్కడ బాగానే ఉంది. మీరు వేళకు తినండి, పిచ్చి ఆలోచనలు మానండి.

మీ షహజాదీ

అల్ ఖోబర్

ప్రియమైన షహజాదీకి,

నువ్వన్నట్టే నోరు మెదపలేదు. పెట్టె ఇంకా రాకెట్ ఎక్కలేదు, వచ్చే నెల ఎక్కుతుంది.

మా ఇంజనీరు ఖాలిదా మేడమ్, హైదరాబాదావిడ, పైకి వెళ్లే నలుగురి ఫొటో గోడకు పెట్టింది. అందులో ఒకావిడకు ఇద్దరు చిన్నపిల్లలట. అక్కడ పొగ వస్తే తెరవడానికి కిటికీ ఉండదని మేడమే చెప్పింది. అందరికీ స్వీట్లు పంచింది. నా వంతు పక్కవాడికిచ్చేశాను.

చెప్పేద్దామని ఆమె గది దాకా వెళ్లాను. స్క్రూడ్రైవర్ కావాలని అడిగి వచ్చేశాను. అది నా జేబులోనే ఉంది. నువ్వు గుర్తొచ్చి వెనక్కి తిరిగాను.

నీ మస్తాన్

బురైదా

మా ఆయనకు,

ఇది చదివితే మీకు కోపం వస్తుంది. రానివ్వండి.

మీ దగ్గర ఒకటి దాచాను. వీళ్లు బయటికి వెళ్తే నన్ను లోపల పెట్టి తాళం వేసుకుపోతారు. వచ్చినప్పటినుంచీ ఇంతే. మొన్న పెళ్లికి వెళ్లారు. ఫ్రిజ్ వెనక వైరు కాలి ఇల్లంతా నల్లటి పొగ. కిటికీలన్నీ బిగించేసినవి. తలుపు బాదాను, అరిచాను. మెయిన్ స్విచ్ ఆపాను గానీ పొగ ఎక్కడికి పోతుంది? స్నానాలగదిలో దూరి, సందుల్లో బట్టలు కుక్కి, ముక్కుకు తడిగుడ్డ పెట్టుకుని కూర్చున్నాను. చచ్చిపోతాననుకున్నాను. అప్పుడు మీరు గుర్తురాలేదు, ఏమనుకోకండి. ఆ నలుగురే గుర్తొచ్చారు. నాకైతే తాళం తీసేవాళ్లు ఎప్పటికైనా వస్తారు. వాళ్లకెవరొస్తారు?

ఈ ఉత్తరం మీకందేసరికి ఓబులయ్యన్న ఖాలిదా మేడమ్‌కు అంతా చెప్పేసి ఉంటాడు. ముందు ఆమెకు చెప్పి, తర్వాతే మీకు ఇది ఇమ్మని ఒట్టు వేయించుకున్నాను. మిమ్మల్ని అడిగితే నా గురించి ఆలోచించి మళ్లీ ఆగిపోతారు.

మిమ్మల్ని పంపేస్తారేమో. నా కాంట్రాక్టు ఇంకా సగముంది. మీరు లేని దేశంలో ఈ తాళం వెనక ఎలా ఉండాలో నాకు తెలియదు. చాలా భయంగా ఉంది.

వెళ్లేముందు ఒక్కసారి వచ్చి మా గేటు ఎదుట నిలబడండి. బయటికి రానివ్వకపోయినా, మేడ మీద కిటికీలోంచి మిమ్మల్ని చూస్తాను.

మీ షహజాదీ