ఏడేళ్ల వైను

జూన్ 9, సోమవారం
ఇంటర్న్‌షిప్ మొదలైంది. వైన్ కంపెనీ సెల్లార్‌లో. ఇన్‌ఛార్జి మా పెద్దమ్మే, అమ్మకి అక్క. పైన చెమటలు, మెట్లు దిగితే స్వెటర్. గోడల నిండా పడుకోబెట్టిన సీసాలు. ఒక్కో ఏడాది లాట్‌కి ఒక్కో వరస, వరస చివర దారంతో కట్టిన కార్డు. రుచి చూసినవాళ్లు తేదీ వేసి ఒక ముక్క రాస్తారు. రాసింది కొట్టెయ్యకూడదట. తప్పు రాస్తే తప్పు అలాగే ఉంటుంది. దాని కింద కొత్త తేదీతో ఇంకోటి రాసుకోవాలి.
సీసాలకి బిరడాలు బిగించే ఆయన్ని అందరూ బిరడా బాబాయ్ అంటారు. నా బ్యాగు చూసి, అన్నీ పుస్తకాలేనా, నాలుక కూడా తెచ్చుకున్నావా అని అడిగాడు.

జూన్ 11
రెండేళ్ల వైను. ముదురు ఊదా. గ్లాసు వెనక వేలు పెడితే కనబడలేదు. ద్రాక్ష, నేరేడు, మిరియం, అన్నీ బడి వదిలిన పిల్లల్లా ఒకేసారి మీద పడ్డాయి. తర్వాత దానిమ్మ తొక్క కొరికినట్టు నోరంతా బిగుసుకుపోయింది. పుస్తకంలో దీన్ని టానిన్ అన్నారు. మనకి వగరు ఉండగా ఆ మాట ఎందుకు? ఇంట్లో వెయ్యిసార్లు విన్న మాటే. ఇవాళ కొత్తగా కొనుక్కున్నట్టుంది.

జూన్ 12
పదిహేనేళ్లది. ఎలా రాయను.
రంగు పలచబడింది, అంచున ఇటుక ఎరుపు. ఏ తొందరా లేదు దానికి. ఎండుద్రాక్ష. కాసేపాగి, తడిసిన మట్టి. ఇంకాసేపటికి నాన్న పాత తోలు బెల్టు, ఎండాకుల పొగ. పెద్దమనుషులు ఒకరి మాట పూర్తయ్యాకే ఇంకొకరు అందుకున్నట్టు. వగరు పోలేదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ దుప్పటిలా అయింది. మింగేశాక కూడా, మెట్లన్నీ ఎక్కేదాకా నోట్లోనే ఉంది.
ఆ పొగరంతా ఇలా మారడానికి ఎవరూ ఏమీ చెయ్యరట. చీకట్లో పడుకోబెడతారు, అంతే.

జూన్ 13
ఏడేళ్లది. ఏమీ లేదు. గ్లాసు తిప్పి మళ్లీ వాసన చూశాను. లేదు. కాస్త పులుపు, కాస్త వగరు. పెద్దమ్మ, ముందు నీ నోట్‌బుక్‌లో రాసుకో, తర్వాత మాట్లాడదాం అని ఏదో పనిమీద పైకి వెళ్లింది. రాశాను: "రంగు వేసిన శవం."
ఎంత బాగా కుదిరిందో. నోట్‌బుక్‌లో దాచుకోబుద్ధి కాలేదు. కార్డు మీద ఎక్కించేశాను, నా మంచి పెన్నుతో.

జూన్ 16
పెద్దమ్మ చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

జూన్ 20
ఓనరు గారు వచ్చారు. కొత్త సీసాలకి చోటు కావాలి, ఏదో ఒక లాట్ తీసెయ్యాలి. కార్డులు చదువుకుంటూ నడిచారు. నేను రాసినదాని దగ్గర ఆగి నవ్వారు. ఎవరో గానీ భలే రాశారన్నారు. సంతోషంతో నా చెవులు వేడెక్కాయి. సిగ్గులేదు నాకు.
ఎందుకంటే ఆ వెంటనే, ఆ వరస మొత్తం వెనిగర్ ఫ్యాక్టరీకి పంపెయ్యమన్నారు. పద్దెనిమిది వందల సీసాలు. గురువారం వ్యాను వస్తుంది. అది చావలేదండీ, ఇంకొన్నేళ్లు ఆగాలి అంది పెద్దమ్మ. మీరు దేనికైనా ఆగమనే అంటారు, ఇదిగో ఈ కార్డే తేల్చి చెప్పిందిగా అన్నారాయన.
ఆ బిరడాలన్నీ బాబాయ్ బిగించినవే. ఇప్పుడు ఆయనే ఊడదియ్యాలి. సాయంత్రం వెళ్తూ వెళ్తూ అన్నాడు:
"అమ్మడూ, పోయారో పడుకున్నారో తెలియకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తారు. నువ్వు పెన్ను పెట్టావు."

జూన్ 21
పదిహేనేళ్ల వరస కార్డు మొదటినుంచీ చదివాను. మొదటి రోజే చదవాల్సింది. అంతా పెద్దమ్మ చేతిరాతే. రెండో ఏడు: గోల. నాలుగో ఏడు: బాగుంది. ఆరు: మూగ. ఎనిమిది: మూగ. ఆగాలి. పది: ఏదో అంటోంది. పన్నెండు: లేచింది.
ఎంత చిన్న మాటలు. ఒక్కోదాని వెనక రెండేసి ఏళ్లు.

జూన్ 23
ఏం చెయ్యాలని పెద్దమ్మని అడిగాను. ఏడేళ్ల సీసా ఒకటి తెరిచి, గ్లాసులో పోసి, పైన సాసర్ పెట్టింది. చచ్చిందైతే రేపటికల్లా పాడైపోతుంది, బతికుంటే గాలి తగిలి కదులుతుంది, రోజూ చూడు అంది. ఇవాళ ఏమీ లేదు.

జూన్ 24
ఏమీ లేదు. పాడవలేదు కూడా.

జూన్ 25, ఉదయం 7
అడుగున ఏదో ఉంది. నేరేడా? మళ్లీ చూసేసరికి పోయింది.

మధ్యాహ్నం 1
ఉంది. నేరేడే. దాని వెనక ఇంకేదో, పేరు దొరకడం లేదు. అన్నం చల్లారిపోయింది.

జూన్ 26, గురువారం
వ్యాను వచ్చి గేటు దగ్గర ఆగింది. ఓనరు గారికి ఆ గ్లాసు ఇచ్చాను. శవమని రాసింది నేనేనండీ, తొందరపడ్డాను, అన్నాను. పదిహేనేళ్ల కార్డు చూపించాను. ఆయన అది చదివి, ఒక గుక్క తాగారు. ఎవరూ అడక్కుండానే రెండో గుక్క తాగారు. పెద్దమ్మ నేల చూపులు చూస్తోంది.
ఇది నాలుగు రోజుల్లో లేచింది సరే, మూసి ఉన్నవి ఎన్నేళ్లకి లేస్తాయని అడిగారు. పెద్దమ్మని కాదు, నన్ను. చెప్పడానికి నా దగ్గర బోలెడు మాటలున్నాయి.
"తెలియదండీ," అన్నాను.
ఆయన పెద్దమ్మ వైపు తిరిగి, మీ దగ్గరే నేర్చుకున్నట్టుంది అన్నారు. వ్యాను ఖాళీగా వెళ్లిపోయింది. కొత్త సీసాల కోసం పైన స్టోర్ రూమ్ ఖాళీ చేయిస్తారట. నాకు గాలి ఆడింది.

జూన్ 27
కార్డు మీద, ఆ శవం కింద, తేదీ వేసి రాశాను: "నిద్రపోతోంది."
పెద్దమ్మ చదివింది. వెళ్లేటప్పుడు తలుపు చప్పుడు కాకుండా వెయ్యమంది.