ఆరు సూదులు

ఖమ్మం
11-8-2004

ఉషారాణికి నాన్న దీవెనలు.

తాగుడు మాన్పించే ఈ సెంటరుకు వచ్చి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. నిన్న సిస్టరమ్మ చినిగిన దిండు గలీబు తెచ్చి, "టైలరువంట గదా, గిది జర కుట్టు" అని సూది, దారం చేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ పక్కకు తిరిగి "ఉషా, దారం ఎక్కియ్యే" అన్నాను. వార్డులో అందరూ నవ్వారు. నువ్వు లేవు కదా, నేనే ఎక్కించాను. రెండోసారికి ఎక్కింది.

రోజూ బడికి పోయేముందు నువ్వు ఆరు సూదులకు దారం ఎక్కించి క్యాలెండరుకు గుచ్చిపోయేదానివి. నాకు చూపు ఆనడం లేదని నీతో చెప్పాను. కళ్లు బాగానే ఉన్నాయి బిడ్డా. పొద్దున్నే మందు పడకపోతే చేతులు వణికేవి. "ఇదంతా పోస్టుకార్డు మీద రాస్తే ఊరంతా చదువుతది, కవరు తీస్కోరాదే అన్నా" అన్నాడు పక్క మంచం ఆయన. చదవనీ. ఊరికి తెలిసిందే, నీ దగ్గరే దాచాను.

గోదావరి పెరుగుతోందట. మిషను ఎత్తి మంచం మీద పెట్టమని అమ్మతో చెప్పు. తమ్ముడి జ్వరం తగ్గిందా? బూర్గంపాడు కంటి శిబిరంలో నా పేరు రాయించావట, అది కొట్టేయించు. నిజంగా కనపడనివాళ్లకు ఆ చోటు పనికొస్తుంది.

వచ్చే నెల ఇంటికి పంపిస్తామన్నారు. ఇకమీదట నీకు సూదుల పని ఉండదు. అయినా, బడికి పోయేముందు కాసేపు మిషను పక్కన కూర్చుంటావా?

మీ నాన్న,
కోటేష్