సాయిలు గొళ్లెం పెట్టుకున్నాడు

రాజవ్వా, మన సాయిలు ఇవాళ తలుపు వేసుకొని స్నానం చేశాడే! గొళ్లెం కూడా పెట్టుకున్నాడు!

"నా కొడుకును బాయిలకు తోలకు" అని నువ్వెంత మొత్తుకున్నావు. నువ్వు పోయాక నేను డాక్టరుతో పనికి అన్‌ఫిట్ అని రాయించుకొని, నా నౌకరి వాడికి పెట్టించి, వాడకట్టంతా మిఠాయి పంచాను. ఏడాది తిరగకముందే బొగ్గుబాయిలో పైబండ కూలి వాడు చీకట్లో చిక్కుకున్నాడు. ప్రాణాలతో బయటికి తెచ్చారు గానీ, అప్పటినుంచి తలుపు మూస్తే చాలు, ఒళ్లంతా వణుకు.

మిషన్ ఆసుపత్రి సిస్టర్ వాడితో నోట్‌బుక్కులో రాయిస్తోంది. వారానికో ప్రశ్న ఇస్తుంది. రాస్తుంటే దడ పుడితే పెన్ను పక్కన పెట్టి, చుట్టూ కనబడే వస్తువుల పేర్లు చెప్పుకోమంటుంది. ఏ చిన్న పని చేసి చూస్తావని ఈ వారం అడిగింది. స్నానాల గది తలుపు వేసుకుంటానని రాశాడట.

బయట ఉండబట్టలేక నేను తలుపు కొట్టాను.

"బిడ్డా, మంచిగున్నవా?"

"జర నీళ్లు పోసుకోనియ్యి బాపూ! నువ్వే నన్ను పరేషాన్ చేస్తున్నవ్."

నవ్వాను, ఏడ్చాను. ఆగలేక అడిగేశాను.

"నా మీద కోపమున్నదారా?"

లోపల నీళ్ల చప్పుడు ఆగింది.

"ఉన్నది బాపూ. అది గూడ నోట్‌బుక్కుల రాసిన. తువ్వాల మర్చిపోయిన, అందియ్యి."

తువ్వాల ఇచ్చి వచ్చి నీకు రాస్తున్నాను. వాడి కోపం న్యాయమే రాజవ్వా. అయినా సంతోషం పట్టలేకున్నాను.

హుస్నాబాద్‌లో మా అక్కకు చెప్పాలి. నస్పూర్‌లో మన బిడ్డ సుగుణకు, అల్లుడికి చెప్పాలి. బండ కూలిన నాటినుంచి నా మీది కోపంతో మన గడప తొక్కని నీ తమ్ముడు కొమురయ్యకు మాత్రం నేనే పోయి, ఎదురుగా నిలబడి చెప్పాలి.